విండోస్ 10 తర్వాత ఏది? డబ్బు లెక్క, హక్కు లెక్క

గుంటూరులో మా బావ జిరాక్స్, డీటీపీ సెంటరు నడుపుతాడు. 2025 దసరాకి వాళ్లింటికి వెళ్తే కాఫీ గ్లాసు చేతికి రాకముందే అడిగాడు. "ఏంట్రా, విండోస్ 10 ఇక పనిచెయ్యదంటగా? సర్వీసు కుర్రాడు పదకొండు వేసిపెడతానంటున్నాడు. సిస్టానికి ఐదొందలట. షాపులో రెండింటికీ వేయించెయ్యనా?"

"ఆ ఐదొందలు కుర్రాడి కూలి బావా. మరి విండోస్ ధర ఏదీ?" అన్నాను.

అక్కడ మొదలైన లెక్క రెండు రోజులు సాగింది. షాపువి రెండూ, ఇంట్లో లాప్‌టాప్ ఒకటీ కలిపి బావకున్న మూడు సిస్టంలకీ మూడు వేరు వేరు జవాబులు తేలాయి. మీ దగ్గరున్నది కూడా ఈ మూడింట్లో ఏదో ఒకదాని పోలికలో ఉండొచ్చని ఇది రాస్తున్నాను.

ఆగిపోయింది ఏమిటి

విండోస్ 10 వచ్చింది 2015 జూలై 29న. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దాని సపోర్ట్ ఆపేసింది. అంతమాత్రాన సిస్టం ఆన్ కాకుండా పోదు. పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది, శుభలేఖ కంపోజ్ అవుతుంది, ప్రింటు వస్తుంది. రానిదల్లా నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్. కొత్తగా ఏ కన్నం బయటపడినా ఇక పూడ్చేవాళ్లుండరు. పైగా విండోస్ 11లో ఒక కన్నం పూడ్చిన ప్రతిసారీ, పాతదాంట్లో అది ఎక్కడుందో దొంగలకు దారి చూపినట్టవుతుంది.

అంత భయపడాలా అంటే 2017 మే గుర్తు చేసుకోండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై రాన్సమ్‌వేర్ దేశదేశాలు తిరిగినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. వేసుకోని సిస్టంలూ, సపోర్ట్ అయిపోయి అది అందని పాత సిస్టంలూ దొరికిపోయాయి.

జిరాక్స్ షాపుకి ఇది ఇంకాస్త పెద్ద సంగతి. బావ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ నిండా ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు ఉన్నాయి. "రోజూ సాయంత్రం డిలీట్ చేద్దామనుకుంటా, షట్టరు దించేటప్పటికి మర్చిపోతా" అన్నాడు. ఆ సిస్టంలో ఏం దూరినా నష్టం బావ ఒక్కడిది కాదు.

మూడు సిస్టంలు

మొదటిది కౌంటరు దగ్గరుండే అసెంబుల్డ్ సిస్టం. 2014లో కొన్నది, నాలుగో తరం ఐ3. బిల్లు ఇప్పటికీ ఫైల్లో ఉంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, కీబోర్డు, మౌసు అన్నీ రాసి ఉన్నాయి, విండోస్ లేదు. అమ్మినతను "ఫ్రీగా వేసిచ్చాడు".

రెండోది 2017లో కొన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్. ఏడో తరం ఐ3, కంపెనీ నుంచే విండోస్ 10 హోమ్‌తో వచ్చింది.

మూడోది మా మేనకోడలి లాప్‌టాప్. ఇంజినీరింగులో చేరేటప్పుడు 2023లో కొన్నారు, పన్నెండో తరం ప్రాసెసరు. విండోస్ లేకుండా అమ్మే డాస్ మోడలైతే నాలుగు వేలు తగ్గుతుందంటే అదే తీసుకున్నారు. ఇంటికొచ్చాక తెలిసినతను మూడొందలకు విండోస్ 11 ప్రో వేశాడు.

విండోస్ 11కి కావలసినవి తెలిసినవే. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. అన్నిటికంటే ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసరు. ఉజ్జాయింపుగా ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి. పీసీ హెల్త్ చెక్ అనే చిన్న యాప్ వేస్తే ఉందో లేదో అదే చెబుతుంది. ప్రాసెసరు కొత్తదై, టీపీఎం లేదని మాత్రమే చెబితే వెంటనే సిస్టం అమ్మకండి. సిస్టం ఆన్ అవుతుండగా తెరుచుకునే బయాస్ అనే సెట్టింగుల పేజీలోకి వెళ్లి ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్నది ఆన్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఇది చెప్పకుండా కొత్త మదర్‌బోర్డు అంటగట్టిన సందర్భాలు చూశాను.

ఇలా చూస్తే మొదటిదానికి హక్కూ లేదు, ఒళ్లూ సహకరించదు. రెండోదానికి హక్కుంది, ఒళ్లు సహకరించదు. మూడోదానికి ఒళ్లు దిట్టం, హక్కే లేదు. కానీ సెట్టింగ్స్ తెరిస్తే మూడూ "యాక్టివేటెడ్" అనే చూపిస్తున్నాయి.

యాక్టివేషన్ వేరు, లైసెన్సు వేరు

మనలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. యాక్టివేషన్ అంటే సిస్టం లోపల జరిగే ఒక తనిఖీ. లైసెన్సు అంటే వాడుకోవడానికి మనకిచ్చిన అనుమతి. టికెట్ కలెక్టర్ చూడకుండా ప్లాట్‌ఫాం దాటినంత మాత్రాన టికెట్ కొన్నట్టు కాదు కదా.

లైసెన్సుల్లో మనకు తగిలేవి మూడు రకాలు. కంపెనీ లాప్‌టాప్‌తో పాటు వచ్చేది ఓఈఎం. అది ఆ యంత్రంతోనే పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఇలాంటివాటిలో కీని, అంటే లైసెన్సు నంబరుని, మదర్‌బోర్డు చిప్పులోనే రాసి పంపుతున్నారు. అందుకే అదే ఎడిషన్ మళ్లీ వేస్తే కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. విడిగా డబ్బిచ్చి కొనేది రిటైల్. పాత సిస్టంలోంచి తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు, ఒకసారికి ఒక్కదాంట్లోనే. మూడోది వాల్యూమ్, అంటే కంపెనీలు, కాలేజీలు తమ సొంత కంప్యూటర్ల కోసం గుత్తగా తీసుకునేది. అది ఇంట్లోకి, జిరాక్స్ షాపులోకి న్యాయంగా రావడం మామూలుగా జరిగే పని కాదు.

మీ దగ్గర ఉన్నది ఏదో తెలుసుకోవడం ఒక నిమిషం పని. విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కితే రన్ బాక్సు వస్తుంది. అందులో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి డీ, ఎల్, ఐ కొట్టండి. వచ్చే చిన్న పెట్టెలో ఓఈఎం అనో రిటైల్ అనో వాల్యూమ్ అనో ఉంటుంది. బావ కౌంటరు సిస్టంలో "వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్" అని వచ్చింది. కేఎంఎస్ అంటే కనీసం 25 కంప్యూటర్లున్న సంస్థలు తమ లోపలి సర్వరుతో యాక్టివేట్ చేసుకునే పద్ధతి. ఒక్కసారి చేస్తే 180 రోజులు నిలుస్తుంది, ఆలోగా మళ్లీ ఆ సర్వరుని పలకరించాలి. బావ షాపులో సర్వరెక్కడిది? సర్వీసు కుర్రాడి పెన్‌డ్రైవ్‌లోని క్రాక్, తానే ఆ సర్వరునని నటిస్తోంది. ఆ క్రాక్ వేసేముందు యాంటీవైరస్ ఆపెయ్యమంటుంది. ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలున్న సిస్టంలో.

మేనకోడలి లాప్‌టాప్‌లో మాత్రం "రిటైల్" అనే వచ్చింది. నేనూ ఒక్క క్షణం తికమకపడ్డాను. ఈమధ్య మైక్రోసాఫ్ట్ సర్వరునే నమ్మించి శాశ్వత డిజిటల్ లైసెన్సు రాయించేసే స్క్రిప్టులు తిరుగుతున్నాయి. అవి వేస్తే ఏ తనిఖీకీ దొరకదు. కాబట్టి పెట్టెలో "వాల్యూమ్" అని వస్తే అనుమానించాల్సిందే, రాకపోతే నిశ్చింతగా ఉండొచ్చని కాదు. చివరికి చూడాల్సింది బిల్లే. విండోస్‌కి ఎవరైనా, ఎప్పుడైనా డబ్బు కట్టారా?

పాత దొంగ కాపీ మీద కొత్త వెర్షన్ వేస్తే అదే శుద్ధి అయిపోతుందనే నమ్మకం కూడా ఉంది. దానికో కారణముంది. 2015 మార్చిలో మైక్రోసాఫ్ట్ పెద్ద అధికారి ఒకరు, జెన్యూన్ కాని సిస్టంలను కూడా విండోస్ 10కి అప్‌గ్రేడ్ చేస్తామన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. వెంటనే కంపెనీ ఇచ్చిన వివరణ మాత్రం పాకలేదు. అప్‌గ్రేడ్ అయినా లైసెన్సు స్థితి మారదు, ముందు జెన్యూన్ కానిది తర్వాతా కాదు అన్నది ఆ వివరణ. అలాగే విండోస్ 7 స్టిక్కరు మీది కీతో 10 వేసుకునే దారి చాలా ఏళ్లు తెరిచే ఉంచి, 2023 సెప్టెంబరులో మూసేశారు. అంతకుముందే ఆ దారిలో మారినవారి డిజిటల్ లైసెన్సు మాత్రం చెల్లుతుంది.

వస్తువా, అనుమతా?

"డబ్బిచ్చి కొన్నాక నా ఇష్టం కాదా, రెండు సిస్టంలలో వేసుకుంటే తప్పేంటి?" అని బావ వాదన. ఈ ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా ఒకసారి వెళ్లింది. అమ్మకం పన్ను వేసేందుకు రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకు అవుతుందా అని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య వివాదం. అవుతుందని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే సరుకయ్యేది ఆ కాపీ, దాని మీది కాపీరైట్ కాదు. విండోస్ ఒప్పందంలో మొదట్లోనే ఉంటుంది, ఇది అమ్మడం లేదు, లైసెన్సు ఇస్తున్నాం అని. పన్ను కట్టేటప్పుడు వస్తువు, వాడుకునేటప్పుడు అనుమతి. బావ దీనికి "భలే తిరకాసు" అన్నాడు. నాకూ అలాగే అనిపిస్తుంది.

కానీ చట్టం మాటలో తిరకాసు లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బీ సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరులో వాడితే ఏడు రోజులకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి, లాభానికి వాడకపోతే మాత్రం, తగిన కారణాలు రాసి జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకుంది. అంటే మేనకోడలి లాప్‌టాప్‌కీ బావ కౌంటరు సిస్టంకీ చట్టం దగ్గర తేడా ఉంది. గల్లీలో షాపు మీదికి ఎవరొస్తారు అంటే, రాకపోవచ్చు. నేను కూడా జైలు భయం పెట్టి బావను మార్చాలనుకోలేదు.

"ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీ. నేను పదివేలు ఎగ్గొడితే వాళ్లకేం తక్కువ?" అన్నాడు. ఈ మాటలో పసలేదని నేను అనను. అమెరికాలో విండోస్ 11 హోమ్ 139 డాలర్లు, ప్రో దాదాపు 200 డాలర్లు. ఇక్కడ రూపాయల్లో చూసినా హోమ్‌కి పదివేల పైమాటే. అక్కడ అది ఒక పూట సంపాదన అయ్యేవాళ్లున్నారు, ఇక్కడ జిరాక్స్ షాపులో ఎన్ని వేల పేజీలు తియ్యాలో బావకే తెలుసు. పైగా బాగా నడిచే సిస్టాన్ని జాబితాలో లేదని పక్కన పెట్టించిందీ ఆ కంపెనీయే. విండోస్ 10 ఆగితే 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 డిసెంబరులో అంచనా కట్టింది. నీతి గురించి మాట్లాడేటప్పుడు అమ్మేవాడి వైపు కూడా ఒక చూపు వెయ్యాల్సిందే.

అయినా నేను ఒప్పుకోకపోవడానికి కారణం వేరే. ఆ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఒక్కటే రాదు. దాంతో పాటు తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, డిక్షనరీ, శుభలేఖ డిజైన్ల డీవీడీ అన్నీ అదే తోవలో వస్తాయి. ఒక తెలుగు ఫాంటు గీయడానికి ఒత్తులు, గుణింతాలు కలిపి వందలాది ఆకారాలు వెయ్యాలి. ఆ పని చేసేవాళ్లు మన ఊళ్లలో చిన్న ఆఫీసులు పెట్టుకున్నవాళ్లు. పెద్ద కంపెనీకి నష్టం లేదంటూ అలవాటైన చెయ్యి, చిన్నవాడి దగ్గర ఆగదు. ఇక రెండో కారణం, ఒకప్పుడు డబ్బు లేనివాడికి వేరే దారి లేదు. ఇప్పుడు న్యాయంగా, ఉచితంగా దొరికేవి ఉన్నాయి.

ఉన్న దారులు

విండోస్ 10లోనే ఇంకొంత కాలం. జాబితాలో లేని జెన్యూన్ సిస్టం ఉన్నవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా ముఖ్యమైన సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తాయి. మనలాంటి విడి వ్యక్తులకైతే ధర 30 డాలర్లు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లున్నా చాలు. ఒకసారి చేరితే అదే అకౌంటు మీద పది సిస్టంల దాకా వాడుకోవచ్చు. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. ఉచితం అంటున్నా ఇక్కడ ఇచ్చేది మన అకౌంటు, మన సెట్టింగ్స్ అని గుర్తుంచుకోండి. అది మీకు అభ్యంతరం కాకపోతే ఇంతకంటే చవక బేరం లేదు. ఆఫీసు డొమైన్‌లో ఉన్న సిస్టంలకు ఈ లెక్క వర్తించదు. సంస్థలకు మొదటి ఏడు సిస్టానికి 61 డాలర్లు, తర్వాత ఏటేటా రెట్టింపు, మూడేళ్ల దాకా. మూడేళ్లకు కలిపితే 427 డాలర్లు. ఆ డబ్బుకి ఒక మాదిరి కొత్త సిస్టమే వస్తుంది.

జాబితాలో లేకపోయినా బలవంతంగా 11. రూఫస్ లాంటి టూల్‌తో పెన్‌డ్రైవ్ చేస్తే ఆ తనిఖీలు దాటవేసి వేసుకోవచ్చు. ఇది పైరసీ కాదు. మీ విండోస్ 10 జెన్యూన్ అయితే 11 కూడా అదే లైసెన్సు మీద నడుస్తుంది. సపోర్ట్ లేకపోవడం వేరు, లైసెన్సు లేకపోవడం వేరు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి, ఎలాగూ తప్పే కదా అని క్రాక్ కూడా వేసేస్తారు. అయితే ఇలాంటి సిస్టంలకు అప్‌డేట్‌ల గ్యారంటీ లేదని కంపెనీ ముందే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ తనంతట తాను రాదు, మళ్లీ మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి కోర్ 2 డ్యుయో కాలం నాటివాటిలో అసలు బూటే కాదు. ఓపికున్న కుర్రవాళ్లు వాళ్ల సొంత సిస్టంలో చేసుకోవచ్చు. షాపుకి నేను వద్దంటాను.

ఐదొందల కీ. ఆన్‌లైన్‌లో విండోస్ ప్రో కీ ఐదారొందలకు, ఒక్కోసారి ఇంకా తక్కువకు కనిపిస్తుంది. క్రాక్ కంటే ఇది మేలనుకుంటారు, డబ్బిచ్చాం కదా అని. ఎక్కువ భాగం ఏదో సంస్థ వాల్యూమ్ కీనో, డెవలపర్లకు పరీక్షల కోసం ఇచ్చిన కీనో, పాత యంత్రాల నుంచి ఊడదీసినదో అయి ఉంటుంది. యూరప్‌లో 2012 జూలైలో అక్కడి న్యాయస్థానం, వాడేసిన సాఫ్ట్‌వేర్ లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చని యూజ్డ్‌సాఫ్ట్ కేసులో చెప్పింది. ఆ తీర్పును చూపించి ఇక్కడ అమ్మేవాళ్లున్నారు. అది యూరప్ తీర్పు, దానిలోనూ మొదటి యజమాని తన కాపీ వాడటం మానెయ్యాలనే షరతుంది. ఒక గుత్త కీని పాతిక మందికి పంచి అమ్మడం దానికిందికి రాదు. కొన్ని నెలలకు కీ బ్లాక్ అయితే అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. నా దృష్టిలో ఇది అన్నిటికంటే చెత్త ఎంపిక. డబ్బూ పోయింది, హక్కూ రాలేదు.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు లాప్‌టాప్. ఇది చాలామందికి తట్టదు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లకు లాప్‌టాప్‌లు మార్చేస్తాయి, అవి హైదరాబాద్ లాంటి చోట్ల రీఫర్బిష్డ్ షాపులకు చేరతాయి. ఎనిమిదో తరం ఇంటెల్ ఉన్న 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480 లాంటిది మామూలుగా 20 వేల చుట్టుపక్కల దొరుకుతుంది. చిప్పులో విండోస్ ప్రో ఓఈఎం కీ ఉంటే జెన్యూన్ విండోస్ 11 అందులోనే వచ్చినట్టు. పదివేలు పెట్టి ఒట్టి లైసెన్సు కొనే బదులు, ఇంకో పదివేలు వేస్తే లైసెన్సుతో పాటు యంత్రం. కొనేముందు కొత్తగా విండోస్ వేయించి, నెట్‌కి కలిపి, ఎవరిదైనా కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుందేమో చూడండి. అడిగితే అది ఇంకా ఆ కంపెనీ జాబితాలోనే ఉందన్నమాట, వదిలెయ్యండి. అమెరికా నుంచి అన్నయ్యో వదినో తెచ్చిన పాత ఆఫీసు లాప్‌టాప్‌లకూ ఇదే పరీక్ష.

లినక్స్. విండోస్‌కి బదులుగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టం. దీనికి లైసెన్సు చిక్కు లేదు. జీపీఎల్ లాంటి లైసెన్సులు కాపీ చేసుకో, పంచుకో, మార్చుకో అని వాటంతట అవే చెబుతాయి. పది సిస్టంలలో వేసినా, షాపులో వాడినా తప్పులేదు. లినక్స్‌లో రకాలైన మింట్ 22కీ, దానికి ఆధారమైన ఉబుంటు 24.04కీ 2029 దాకా అప్‌డేట్‌లు ఉన్నాయి. నాలుగు జీబీ ర్యామ్‌తో, ఒక చవక ఎస్‌ఎస్‌డీతో పాత సిస్టం మళ్లీ లేచి కూర్చుంటుంది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి దీని మీదే నడుస్తున్నాయి. మన దగ్గర కూడా స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని, తెలుగులో కంప్యూటరుని జనంలోకి తీసుకెళ్లే పని చేస్తోంది. యూనికోడ్ తెలుగు టైపింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది ఉన్నచోట దాచను. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కలిసిన పాత తెలుగు డీటీపీ పని విండోస్‌తో ముడిపడి ఉంది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ లాంటి వాటితో కిందామీదా పడి తెరిపించవచ్చు గానీ, రేపు పొద్దున పెళ్లి కార్డు ఇవ్వాల్సినవాడికి అది చెప్పడం పాపం. ట్యాలీ కూడా అంతే. వేలిముద్ర యంత్రాలు, టోకెన్‌తో పెట్టే డిజిటల్ సంతకాలు ఉన్నచోట ముందు వాటి డ్రైవర్లున్నాయో లేవో చూసుకోవాలి. ఊరూరా జిరాక్స్ షాపుల్లో కనిపించే కొన్ని చిన్న లేజర్ ప్రింటర్లు లినక్స్‌లో ఒక పట్టాన మాట వినవు. మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే, ఏమీ వెయ్యకుండా నడిపి చూడొచ్చు. ప్రింటరు, స్కానరు, నెట్ మూడూ పరీక్షించాకే నిర్ణయం తీసుకోండి.

మిగతావి రెండు మాటల్లో. గూగుల్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టం క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ ఉచితం, బ్రౌజరు తప్ప ఇంకేం అక్కర్లేని పెద్దవాళ్లకు బాగుంటుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు రావు, అంతా గూగుల్ అకౌంటు చుట్టూ తిరుగుతుంది. మ్యాక్ ఉన్నవాళ్లకి 2013లో మావరిక్స్ వెర్షన్ వచ్చినప్పటి నుంచి అప్‌గ్రేడ్‌కి డబ్బు లేదు. ఆ ధరంతా యంత్రంలోనే ముందే తీసుకుంటారు. ఇంటెల్ మ్యాక్‌లకు 2025లో వచ్చిన టాహో వెర్షనే చివరిది.

చివరికి ఏం చేశాం

రెండో సిస్టంతో మొదలుపెట్టాం, తేలిక కాబట్టి. హక్కుంది, ఒళ్లు లేదు. ఈఎస్‌యూలో ఉచితంగా చేర్చాం. ఖర్చు సున్నా, పట్టిన సమయం పది నిమిషాలు. దాని మీద జరిగేది దరఖాస్తులు నింపడం, స్కానింగ్, ప్రింట్లు. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపితే స్కానరు వెంటనే పలికింది, ప్రింటరు మొరాయించింది. ఈఎస్‌యూ గడువు అయ్యేలోపు ప్రింటరు మార్చే ఆలోచన బావకి ఎలాగూ ఉంది. అప్పుడు లినక్స్‌లో నడుస్తుందని తెలిసినదే కొంటాడు.

మొదటిదానికి లైసెన్సు కొందామన్నాడు బావ, మనసు మారి. నేనే వద్దన్నాను. నాలుగో తరం సిస్టం మీద పదివేలు పెట్టడం, కూలే గోడకు సున్నం వెయ్యడమే. డీటీపీ అంతా దాని మీదే ఉంది కనుక విండోస్ తప్పదు. చిప్పులో ప్రో కీ ఉన్న రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ ఒకటి తెచ్చాం, బిల్లుతో సహా. బిల్లులో విండోస్ అని రాయమంటే అమ్మినతను నవ్వాడు, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదట. పాత సిస్టంలో క్రాక్‌తో సహా అంతా తుడిచి మింట్ వేశాం. ఇప్పుడది మా అక్క వంటల వీడియోలకి, కరెంటు బిల్లులకి.

మూడోదాని దగ్గర రెండు రోజులూ వాదన జరిగింది. మేనకోడలు కోడింగ్‌కి లినక్సే మేలంటుంది, ఉబుంటు తనే వేసుకుంది కూడా. అక్కడితో అయిపోవాల్సింది. కానీ తను రాసే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. కాలేజీ మెయిల్ ఐడీ మీద విద్యార్థి లైసెన్సు ఇస్తారేమో అడగమన్నాను, ఇక్కడ లేదన్నారట. మిగిలింది రిటైల్ హోమ్ లైసెన్సు. హోమ్ ఎందుకంటే తనకి ప్రోతో పనిలేదు, రిటైల్ ఎందుకంటే ఈ లాప్‌టాప్ పాడైనా లైసెన్సు తర్వాతిదానికి మారుతుంది.

"డాస్ మోడలని నాలుగు వేలు మిగిల్చాననుకున్నా. ఇప్పుడు పదివేలు పెడుతున్నా" అని బావ తల పట్టుకున్నాడు. దాంతో పాటే మూడొందలిచ్చి వేయించిన విండోస్ సంగతి గుర్తొచ్చింది. "మావయ్యా, ఆ మూడొందలు కూడా కలుపు" అంది మేనకోడలు, క్యాలిక్యులేటరు తీసి. పదివేల మూడొందలు, నాలుగు వేలు తీసెయ్యగా ఆరు వేల మూడొందలు నష్టం. డాస్ లాప్‌టాప్ బేరం ఆడేవాళ్లు ఈ కూడికా తీసివేతా షాపులోనే వేసుకుంటే మంచిది. బావ బిల్లు ప్రింటు తీసి, 2014 నాటి అసెంబుల్డ్ సిస్టం బిల్లున్న ఫైల్లోనే దాని వెనక పెట్టాడు.